వసీలా ఈత పాఠం

"వసీలా! బయటికి రా! ఊరంతా చూసి నవ్వుతోంది!"

మొంజీ అరుపుకి కెలిబియా ఊరి సముద్రపొడ్డున గొడుగుల కింద పడుకున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. నీళ్ళలో తేలే పలకని పట్టుకుని కాళ్ళాడిస్తున్న అతని భార్య మాత్రం తల తిప్పలేదు.

"రాయిస్! ఇకనుంచి వేటకి వదినమ్మే వెళ్తుందా? నువ్వు ఇంట్లో వంటా?" కాఫీ కొట్టు ముందునుంచి ఎవరో కేకేశారు.

మొంజీకి ఒళ్ళు మండింది. సొంత పడవున్న మనిషి. వల వేయడంలో అతని తర్వాతే ఎవరైనా. అందుకే ఊళ్ళో అందరికీ అతను రాయిస్, పడవ పెద్ద. అలాంటివాడి పెళ్ళాం, మనవలు పుట్టాక, చిన్నపిల్లల మధ్య ఈత నేర్చుకోవడమా!

"ఏమ్మాయ్, దాన్ని బయటికి పంపు," అన్నాడు ఈత నేర్పే ఇబ్తిసాంతో.

"పాఠం అవనీయండి బాబాయ్. అంత తొందరైతే మీరే దిగి తీసుకెళ్ళండి."

"దిగలేననుకున్నావా?"

చెప్పులు విసిరేసి, పాంటు పైకి మడిచి దిగాడు. భార్య వైపు అడ్డదారిన నడిచాడు.

"అటు కాదు బాబాయ్! జెండాకి ఇవతలనుంచి రండి. అక్కడ గుంట ఉంది!"

"సముద్రం గురించి నాకు చెప్తావా నువ్వు?"

మరో అడుగు వేశాడు. కాళ్ళ కింద ఇసుక లేదు. మనిషి మునిగాడు. తల పైకొచ్చింది, నోరు తెరుచుకుంది, అరుపు రాకుండానే మళ్ళీ లోపలికి పోయింది. కాఫీ కొట్టు దగ్గర నవ్వులు ఇంకా ఆగలేదు. రాయిస్ వేళాకోళమాడుతున్నాడనుకున్నారు.

ఇబ్తిసాం మెడకి ఓ చిన్నపిల్ల కరుచుకుని ఉంది. వదిలి కదలడానికి లేదు. ఆమె ఈల ఊదేలోపే వసీలా బయల్దేరింది. అతనికి కాస్త ఎడంగా ఆగి పలకని ముందుకి తోసింది.

"దీన్ని పట్టుకో. నన్ను పట్టుకోకు!"

అతను ఆమె భుజం కోసం చెయ్యి చాచాడు. ఆమె వెనక్కి జరిగింది. పెళ్ళయినప్పట్నుంచీ అతను చెయ్యి చాస్తే ఆమె వెనక్కి జరగడం అదే మొదటిసారి.

"పలక మొంజీ, పలక! గుండెకి హత్తుకో. కాళ్ళు కొట్టుకోకు, ఊరికే తేలు."

హత్తుకున్నాడు. ఆమె పలక రెండో కొస పట్టుకుని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ, అతన్ని కాళ్ళందే చోటికి లాక్కొచ్చింది.

ఒడ్డున ఇసుకలో కూలబడి మొంజీ ఉప్పునీళ్ళు కక్కాడు. కాఫీ కొట్టు దగ్గర ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఇన్నేళ్ళూ సముద్రాన్నే నమ్ముకుని బతికిన రాయిస్‌కి ఈత రాదు.

వసీలా తువ్వాలు తేవడానికి వెళ్ళింది. మొంజీ తలెత్తకుండానే ఇబ్తిసాంని అడిగాడు.

"ఈ వయసులో దానికి ఈత పిచ్చేమిటమ్మా? నీకేమైనా చెప్పిందా?"

"పిన్ని ఈత కోసం రాలేదు బాబాయ్. మునిగిపోయే మనిషిని ఒడ్డుకెలా తేవాలో నేర్పమని వచ్చింది. ఎంత బరువుండే మనిషి పిన్నీ అని నవ్వుతూ అడిగాను..." ఇబ్తిసాం తువ్వాలుతో వస్తున్న వసీలా వైపు చూసింది. "'మా ఆయనంత' అంది."