పిండి అటక

“ఆగాగు. పొయ్యి పక్కన పిల్లి పడుకుందని రాశావా? మాకు పిల్లి ఎప్పుడుందే?” అంది అమ్మమ్మ.

“ఇది నవల అమ్మమ్మా. ఓ పిల్లి ఉంటే ఏం పోయింది?”

“యుద్ధంలో మనుషులకే తిండి లేదు, మధ్యలో పిల్లొకటి! సరే, కానీ.”

మధ్యాహ్నపు రొట్టెలు దిగాయి. బేకరీ వెనక గది ఇంకా వెచ్చగా ఉంది. అమ్మమ్మ పాత బల్ల ముందు కూర్చుని పిండి జల్లిస్తోంది. మనవరాలు ఎదురుగా కూర్చుని తన నవల చదివి వినిపిస్తోంది. రేపే అచ్చుకు ఇవ్వాలి. ఇంటి గుట్టు ఊరికి పంచేముందు ఇంటి పెద్దకు వినిపించడం మర్యాద అంది గానీ, నిజానికి ఆమెకు మర్యాద కంటే ఆరాటం ఎక్కువ. చివరి అధ్యాయం తాను ఊహించి రాసింది. అది నిజమో కాదో అమ్మమ్మ ముఖంలో చూడాలి.

ఆ గుట్టు అమ్మమ్మ ఎన్నడూ చెప్పలేదు. మంచాన పడ్డాక పెద్దమ్మమ్మ, అంటే అమ్మమ్మ అక్క, నోరు జారింది. యుద్ధపు ఆఖరి చలికాలంలో, పెళ్ళికాని అక్కాచెల్లెళ్ళిద్దరే ఈ బేకరీ నడుపుతున్న రోజుల్లో, గాయపడిన శత్రు సైనికుడొకణ్ణి పొయ్యి పైనున్న పిండి అటకలో దాచారట. కింద మన సైనికులు రొట్టెలు కొనుక్కుంటుంటే, వాళ్ళ నెత్తిమీదే అతను! ఆ తర్వాత అతనేమయ్యాడో చెప్పకుండానే ఆవిడ కన్నుమూసింది.

మొన్న మనవరాలు నిచ్చెన వేసుకుని ఆ అటక ఎక్కింది. నడుం వంచితే తప్ప చోటు లేదు. ఊపిరి తీస్తే ముక్కులోకి పిండి, కదిలితే చెక్కల చప్పుడు. కాసేపటికే తుమ్ము ఆపుకోలేక దిగొచ్చేసింది. ఒక మనిషి అక్కడ చలికాలమంతా తుమ్మకుండా, దగ్గకుండా, పెదవి మెదపకుండా ఎలా బతికాడు? బయటపడితే ముగ్గురినీ ఒకే గోడకు నిలబెట్టి కాల్చేసేవారు. అది తెలిసీ రోజూ నవ్వు ముఖంతో రొట్టెలమ్మిన ఆ పడుచుపిల్ల, పిల్లి దగ్గర పేచీ పెడుతున్న ఈ ముసలామే! తలుచుకుంటే మనవరాలికి ఒళ్ళు గగుర్పొడిచింది. తనకా ధైర్యంలో చిటికెడైనా వచ్చిందా అనుకుంది.

“‘చూడ్డానికి మనలాంటి మనిషే. నోరు విప్పితే మాత్రం అవతలి దేశం వాడని చంటిపిల్లలకైనా తెలిసిపోతుంది,’” అని చదివింది.

“ఊఁ,” అంది అమ్మమ్మ. జల్లెడ ఆడుతూనే ఉంది.

అంతలో తాతయ్య ఖాళీ తట్టతో లోపలికొచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఊరంతటికీ ఆయన మూగాయన. యుద్ధంలో ఊరి వంతెన పేల్చిన రోజు ఆ మోతకు మాట పడిపోయిందట. బల్లను ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. ఆ రెండు మాటలతోనే పిల్లల్నీ మనవల్నీ పెంచేశాడు. మిగిలిన మాటలన్నీ అమ్మమ్మ వాటాకే వచ్చాయని ఇంట్లో అందరూ ఆటపట్టిస్తారు.

మనవరాలు తడబడింది. “చివరిది మనిద్దరమే ఉన్నప్పుడు చదువుతాలే.”

“ఆయనకి తెలియని యుద్ధమా? చదువు.”

ఆమె చదివింది. ఆ చలికాలం చివర్లో బేకరీలో ఒక మూగ పనివాడు చేరతాడు. అతను చేరిన వారంలోనే అటక ఖాళీ అవుతుంది. సైనికుణ్ణి కనిపెట్టి అప్పగించింది ఆ పనివాడే. తాతయ్య నిజంగానే ఆ చలికాలం చివర్లోనే పనిలో చేరాడని పెద్దమ్మమ్మ చెప్పింది. పైగా ఆయన ఆ అటక ఎక్కగా ఎవరూ చూడలేదు. పిండి కావాలంటే ఇప్పటికీ అమ్మమ్మే మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతుంది. తప్పు చేసినవాడు కాకపోతే ఆ చోటంటే అంత బెదురెందుకు?

జల్లెడ ఆగిపోయింది.

“చించెయ్,” అంది అమ్మమ్మ.

“అబద్ధమైతే నిజమేంటో చెప్పు, ఇప్పుడే మార్చేస్తాను. తాతయ్యా, ఏమనుకోకు... నువ్వేనా?”

తాతయ్య బల్లను రెండుసార్లు తట్టాడు.

“మరెవరు? మనిషి గాల్లో కలిసిపోడు కదా!”

అమ్మమ్మ భర్త వంక చూసింది. కొట్టు ముందు ఎవరో రొట్టెల కోసం పిలుస్తున్నారు. యుద్ధం పోయింది గానీ పగ పోలేదు. అవతలి యాస చెవిన పడితే ఉమ్మేసి పోయే ముసలాళ్ళు ఆ వీధిలో ఇంకా ఉన్నారు.

“నేనే,” అంది అమ్మమ్మ. “నేనే అప్పగించాను. భయమేసింది. అలాగే రాసుకో. ఆయన జోలికి మాత్రం వెళ్ళకు.”

ఏడాదిగా మనవరాలు గుండెలో నిలబెట్టుకున్న పడుచుపిల్ల ఒక్కసారిగా కూలిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తాతయ్య మళ్ళీ రెండుసార్లు కొట్టాడు. బల్ల మీద పిండి ఎగిరిపడింది.

“మీరు ఊరుకోండి. ఈ వయసులో ఎందుకు? బయట జనం ఉన్నారు.” అమ్మమ్మ గబగబా లేచి కొట్టు వైపు తలుపు మూసేసింది.

తాతయ్య మనవరాలి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు ఆ చేతి వంకే చూశాడు.

“నన్నెవరూ అప్పగించలేదమ్మా,” అన్నాడు.