బ్రేకుల్లో గాలి

ఇంగ్లండ్‌లో, కవెంట్రీ ఊళ్లో మా గరాజ్‌లో ఉన్న ఆ పాత స్పోర్ట్స్ కారు ఒక ముసలాయనది. పదేళ్లు సొంత చేతులతో బాగుచేసుకుని, పూర్తికాకముందే పోయాడు. "బ్రేకుల్లో గాలి తీయడం ఒక్కటే మిగిలిందండీ," అంటూ ఆయన భార్య నాకు అమ్మింది.

అది ఇద్దరి పని. నా భార్య గ్లెనిస్ సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, "తొక్కాను" అని చెప్పాలి. కింద పడుకున్న నేను అప్పుడే చక్రం దగ్గరి మర వదులు చేస్తే, దానికి తగిలించిన గొట్టంలోంచి గాలి బుడగలుగా బయటికి పోతుంది.

చీకటి పడ్డాక ఆమెను రమ్మని కేకేసి కారు కింద దూరాను. కాసేపటికి సీటు కిర్రుమంది.

"తొక్కు," అన్నాను.

పెడల్ దిగిన చప్పుడైంది. గొట్టంలో బుడగలు వచ్చాయి. మాట మాత్రం రాలేదు.

"నోరు పడిపోయిందా? తొక్కితే తొక్కానని చెప్పవే!"

మళ్లీ పెడల్ దిగిన చప్పుడే. అయినా పని సాఫీగా సాగింది. గ్లెనిస్ ఇంత ఓపిగ్గా ఎప్పుడూ తొక్కలేదు.

ఆఖరి చక్రం దగ్గర ఉండగా వంటింటి తలుపు తెరుచుకుంది. గడపలో గ్లెనిస్ చెప్పులు కనిపించాయి.

"మా అక్క ఫోను పెట్టనిస్తేగా, క్లిఫ్! టీ తెచ్చాను. ఇప్పుడు ఎక్కి కూర్చోనా?"

వద్దనబోయాను. నా ముఖానికి జానెడు ఎత్తులో సీటు మళ్లీ కిర్రుమంది. పెడల్ మెల్లగా దిగింది.

"తొక్కాను," అంది ముసలి మగగొంతు.