జనం లేని మడుగు

తెల్లారినా మబ్బు నేలకి ఆనుకునే ఉంది. బాతుల గుంపొకటి తుంగలోకి వాలబోయి, చటుక్కున గట్టు అవతలికి తిరిగిపోయింది. అక్కడ తుపాకులు పేలాయి.

"మళ్లీ అంతే," అన్నాడు బెన్హర్. దేశం దాటొచ్చిన అతనికిది మొదటి వేట.

"బావ మంచి చోటే చెప్పాడంటావా?" అంది భార్య రూతు.

"ఇక్కడ గవర్నమెంట్ వేటకి వదిలిన మడుగుల్లో జనం రానిది ఇదొక్కటేనట. నాకోసమే వెతికాడు. ఒక్కటన్నా కొట్టకపోతే అన్నయ్య మళ్లీ పిలవడు."

పొద్దెక్కాక రూతు అక్క మొగుడు, బెన్హర్ అన్నయ్య అని పిలిచే దైవాశీర్వాదం, అతని ఫ్రెండ్స్ గట్టు దిగొచ్చారు. చేతుల్లో బాతులు వేలాడుతున్నాయి. అందరివీ ఎండుగడ్డి రంగు బట్టలే. బెన్హర్ తన ఒంటిమీది నారింజ రంగు జాకెట్ చూసుకున్నాడు. సేఫ్టీ అని అన్నయ్యే కొనిపించాడు.

"అన్నయ్యా, ఈ రంగు బాతులకి కనబడుద్దా?"

"మైలు దూరం నుంచే కనబడుద్ది తమ్ముడూ. నువ్విక్కడ దిష్టిబొమ్మలా కూర్చోబట్టే గదా, అన్నీ మావైపు తిరిగాయి!"

అందరూ నవ్వారు. కాసేపాగి బెన్హర్ కూడా నవ్వాడు.

"వచ్చే శనివారం కూడా రా."

"తప్పకుండా వస్తా అన్నయ్యా."

రూతు మొగుడి మొహం వంక చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం ఇర్వింగ్‌లో, అక్కావాళ్లింట్లో, అందరూ బాతు కూరతో అన్నం తిన్నారు. రూతు పంటికింద తుపాకీ తాలూకు చిన్న ఇనుప గుండు తగిలింది. తీసి భర్త కంచం అంచున పెట్టింది. అతను తలెత్తకుండా తింటూనే ఉన్నాడు.