మేయరుగారి మోకాలు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మా జమైకాలో ఎన్నికల గొడవ లేని ఇల్లెక్కడుంది? కుక్కలు కూడా జెండా రంగు చూసే మొరుగుతాయి. అది వేరే సంగతి.

పాలించేవాళ్ల కోసం పేరుపెట్టి ప్రార్థించడం మా చర్చిలో ఆనవాయితీ. ఆ ఆదివారం వంతు ఐసిల్డాది. కొత్త మేయరు బర్చెల్‌ను ఓడించమని ఇల్లిల్లూ తిరిగిన మనిషి. అతను గెలిచాక ఆ పేరే ఎత్తడం మానేసింది.

“ప్రభువా, ఆ కుర్చీలో కూర్చున్నాయన్ని...”

“పేరు సిస్టర్, పేరు!” అన్నారు పాస్టరుగారు. “చెప్పలేకపోతే వంతు ఇంకొకరికిస్తాను.”

ఐసిల్డా గొంతు సవరించుకుంది. “సరే. ప్రభువా, బర్చెల్‌కి కాస్త బుద్ధినివ్వు. కోడికిచ్చినంత చాలు.”

చర్చంతా గొల్లున నవ్వింది. “ఆమేన్!” అని వెనక బెంచీలోంచి అందరికంటే గట్టిగా అన్నది బర్చెలే.

“ఆయన ఎడమ మోకాలి నొప్పి తగ్గించు. గురక తగ్గించు. వాళ్లక్క కూరలో ఉప్పు దండిగా వేస్తుంది తండ్రీ, ఆయన బీపీ నువ్వే చూసుకో.”

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం బర్చెల్ వాళ్లక్క ఇంటి నుంచి బట్టల పెట్టె పట్టుకుని సొంతింటికి తిరిగొచ్చాడు. ఐసిల్డా మొగుడి కంచంలో బీన్సు అన్నం, కోడికూర వడ్డించింది. ఉప్పు తక్కువే వేసింది.