ఎర్రదీపంలో కాపురం

తనిఖీ అధికారి ఇలారియో బండి మీంచి నిచ్చెన దింపడం చూడగానే ఎలీసియో గుండె జారిపోయింది.

పరానా నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఒకే ఒక్క ట్రాఫిక్ సిగ్నల్. పోయిన వసంతంలో, అంటే అక్కడ అక్టోబరులో, ఓర్నెరో పిట్టల జంట దాని ఎర్రదీపానికి అడ్డంగా కుండంత మట్టిగూడు కట్టేసింది. పిట్టలుండగా ఓర్నెరో గూడు పడగొడితే పిడుగు పడుతుందని అక్కడ మేయరుకీ భయమే, పాదిరికీ భయమే. అందుకని పురపాలక సంఘం బాగా ఆలోచించి, ఎర్రదీపానికి బదులు ఒక మనిషిని పెట్టింది. పచ్చదీపం ఆరగానే ఎర్రజెండా ఎత్తాలి. పిట్టలు పోయిన రోజున ఉద్యోగం ఆఖరు. మాంసం ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్లు ఖాళీగా కూర్చున్న ఎలీసియోకి ఇప్పుడు ఆ జెండాయే కూడు పెడుతోంది.

పిట్టలేమో పిల్లల్ని వెంటేసుకుని జనవరిలోనే వెళ్లిపోయాయి. ఇప్పుడు ఏప్రిల్, అక్కడ చలి మొదలయ్యే కాలం. ఓర్నెరో పాతగూట్లో మళ్లీ గుడ్లు పెట్టదని ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు.

"ఇన్నాళ్లూ కిందనుంచే అడిగి రాసుకునేవారు కదా, దోన్ ఇలారియో?"

"చెయ్యి పెట్టి చూసి మరీ రాయమన్నారయ్యా మేయరు. లోపల అడ్డుగోడ ఉంటుంది, కిందనుంచి ఏం కనబడి చస్తుంది?"

"ముందు వేడిగా ఓ గుక్క మాతే తేనీరు తాగండి."

"దిగాక తాగుతా. నిచ్చెన పట్టుకో."

"తల్లిపిట్ట గుడ్ల మీదుంది. బెదురుతుందేమోనండీ."

"ఏప్రిల్‌లోనా?"

ఎలీసియో నాలుక కరుచుకున్నాడు. "దాని బుద్ధి దానిదండీ."

ఇలారియో ఎక్కి, మణికట్టు దాకా చెయ్యి దూర్చి, తీరిగ్గా వెతికాడు. రెక్క చప్పుడైనా లేదు. ఈ సంగతి ఇంటికెళ్లి భార్య నెలీదాకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో ఎలీసియోకి తోచలేదు.

ఇలారియో దిగాడు. చేతికంటిన బూజు ప్యాంటుకి తుడుచుకుని, కాగితం తీసి, పైకి చదువుతూ రాశాడు.

"గుడ్లు, మూడు. తల్లి, క్షేమం."

ఎలీసియో నోరు తెరిచాడు. "మీరు... సరిగ్గా చూశారా, దోన్ ఇలారియో?"

"చూడకుండా సంతకం పెడతానా? వచ్చే నెల మళ్లీ వస్తా. ఏదీ, ఆ మాతే ఇలా ఇవ్వు."

"మేయరుకి తెలిస్తే నాతోపాటు మీకూ మాటొస్తుందండీ. నాకోసం మీకెందుకీ తంటా?"

ఇలారియో గుక్కెడు మాతే తాగి గూటి వంక భక్తిగా చూశాడు.

"పిట్టలు పోతే గూళ్ల తనిఖీ అధికారి మాత్రం ఎందుకయ్యా?"