ముందుమాట పేజీ

టింగ్‌మని గంట మోగింది.

"ఆ మాట ఇప్పుడు వాడటం లేదండీ," అన్నారు మార్లో, గంట మీంచి చెయ్యి తీస్తూ.

బల్ల చివర కూర్చున్న ముసలావిడ చేతిలో చెంచా ఆగింది. "ఏ మాట?"

"ట్రాన్స్‌సెక్సువల్‌నని చెప్పుకున్నారు కదా. అది పాతబడిపోయింది."

"నేనూ పాతబడ్డాను బంగారం. ఇద్దరికీ ఈడూ జోడూ కుదిరింది."

గదిలో అందరూ నవ్వారు. మార్లో నవ్వలేదు. నవ్వే తీరిక లేదు.

అమెరికాలోని డులూత్‌లో ఒక లాండ్రీ దుకాణం కింది గది అది. ట్రాన్స్ మనుషులు, ఆడా మగా రెండూ కామనుకునేవాళ్ళు నలభై ఏళ్ళుగా అక్కడ నెలకోసారి కలుస్తున్నారు. ఎవరి వంట వాళ్ళు తెచ్చుకుని అందరూ పంచుకు తింటారు. తమను తాము చెప్పుకునే మాటలన్నిటినీ కూర్చి వాళ్ళు వేసిన చిన్న పదకోశానికి ఇప్పుడు నాలుగో ముద్రణ. సాయంత్రం ఐదింటికి అది ప్రెస్సుకు వెళ్ళాలి.

ఒక్క పేజీ ఖాళీగా ఉంది. ముందుమాట పేజీ.

మొదటి ముద్రణ రాసిన మనిషే అది రాయాలని మార్లో పట్టు. ఆ రోజుల్లో అసలు పేరు వేసుకుంటే ఉద్యోగం ఊడేది. అందుకే అట్ట మీద 'ఆగస్టా అత్త' అని మాత్రమే ఉంది.

పదమూడేళ్ళ వయసులో, ఆడపిల్లల వరసలో నిలబడాలో మగపిల్లల వరసలో నిలబడాలో తెలియని రోజుల్లో, మార్లోకు ఆ పుస్తకం చిరిగిన ప్రతి ఒకటి దొరికింది. అందులో ఒక వాక్యం ఉంది. 'నీకు సరిపడే మాట దొరక్కపోతే కంగారు పడకు, అదే నిన్ను వెతుక్కుంటూ వస్తుంది.' ఆ వాక్యం రాసిన మనిషికి ఒక్కసారి ఎదురుగా దణ్ణం పెట్టాలి. అంతే కోరిక.

ఆ మనిషి జాడ కోసం రెండేళ్ళుగా పదకొండు విశ్వవిద్యాలయాలకు ఉత్తరాలు రాశారు. పది జవాబివ్వలేదు. ఒకటి పూర్వ విద్యార్థుల విందుకు పిలిచింది.

"మా పుస్తకం చూశారా విల్లా గారూ?" సిటీ బస్సు నడిపే డెల్ఫీన్ ముసలావిడను అడిగింది. కొత్తగా వచ్చిన ఆవిడ గుండెల మీద చీటీలో ఆ పేరే ఉంది.

"ఎప్పుడో చూశాను. తప్పులెక్కువ."

మార్లో ముఖం ఎర్రబడింది. "ఆగస్టా అత్త గొప్ప పండితురాలండీ."

"అలాగా? ఏం చదివిందట?"

"భాషాశాస్త్రం అయివుంటుంది."

"అయివుంటుంది," అంది విల్లా, బంగాళాదుంప కూర మళ్ళీ వడ్డించుకుంటూ. కూర ఆవిడ తెచ్చిందే. అన్నిటికంటే ముందు ఖాళీ అవుతున్నదీ అదే.

"మీరేం చేసేవారు?"

"బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళు. అప్పుడు మాలాంటి ట్రాన్స్‌సెక్సువల్ ఆడవాళ్ళకి..."

టింగ్. ఈసారి గంట గొంతు సగంలోనే పట్టేసింది.

"స్ప్రింగు వదులైంది, ఇటివ్వు," అని విల్లా గంట తిరగేసి, జుట్టులోంచి పిన్ను తీసి బిగించింది. "ఇప్పుడు కొట్టి చూడు."

మార్లో కొట్టారు. పైన లాండ్రీలో బట్టలు మడిచేవాళ్ళు కూడా తొంగి చూశారు.

"ఆఁ, ఇక ఎవరూ తప్పించుకోలేరు," అంది విల్లా తృప్తిగా. "బంగారం, నేనసలు నీతో ఒక విషయం చెబుదామని..."

"ఐదింటికి ప్రెస్సుందండీ. కొత్తవాళ్ళకి మంగళవారం తరగతి ఉంది. మాటలన్నీ మొదటి నుంచీ నేర్పుతాం. ఇదిగో, ఇది చదువుకుని రండి."

విల్లా ఆ కాగితం అందుకుంది. పై నుంచి కింది దాకా ఓపిగ్గా చదివింది.

"బాగా రాశారు. మాకిన్ని మాటల్లేవు," అంది. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని, బస్సు వేళైందని మెట్లెక్కింది.

ఐదింటికి ముందుమాట పేజీలో రెండే వాక్యాలు పెట్టి మార్లో ప్రెస్సుకు పంపేశారు. 'ఆగస్టా అత్త జాడ దొరకలేదు. ఎక్కడున్నా మా నమస్కారాలు.'

డెల్ఫీన్ గిన్నెలు తోముతూ అడిగింది. "మార్లో, మన పుస్తకంలో మొదటి సూత్రం ఏమిటి?"

"ఎవరైనా తమ గురించి తాము చెప్పుకునే మాటను ఇంకొకరు దిద్దకూడదు. ఆగస్టా అత్త పెట్టిన సూత్రం."

"మరి ఆ ముసలావిడ చెప్పుకుంది ఎవరి గురించి?"

మార్లో గంటకేసి చూశారు. గంట చాలా కొత్తగా మెరుస్తోంది.

ఒక్క ఉదుటున మెట్లెక్కి వీధిలోకి పరుగెత్తారు. బస్‌స్టాపు దగ్గర బస్సు లేదు, ముసలావిడా లేదు. చలిలో చొక్కాతోనే కాసేపు నిలబడి వెనక్కి వచ్చారు.

"క్షమించమని అడగాలి డెల్ఫీన్. ఎక్కడుంటుందో అడగనైనా లేదు."

"గిన్నె మరిచిపోయింది మహాతల్లి. విందులకి తెచ్చే గిన్నె కదా, అడుగున పేరు గీసుకుని ఉంటుంది. చూడు."

మార్లో తడి గిన్నెను తిరగేసి దీపం కిందికి పట్టుకున్నారు.

నలభై ఏళ్ళ మసి కింద మేకుతో గీసిన అక్షరాలు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి: 'కడుపునిండా తినండి, గిన్నె మాత్రం తిరిగివ్వండి — ఆగస్టా అత్త.'