తళతళలాడిన హాఫ్ సెంటు

"ఏమండీ, ఇలా చూడండి! పాపం, ఎంత నల్లబడిపోయిందో. చింతపండూ ఉప్పూ వేసి తోమేసరికి ఎలా వచ్చిందో!"

వసుమతి అరచేతిలో రాగి నాణెం కొత్త చెంబులా మెరుస్తోంది. దామోదర్ గుండె గుభేలుమంది.

అది నూట డెబ్భై ఏళ్ల నాటి ప్రూఫ్ హాఫ్ సెంటు. బజారులో చెలామణికి కాక, మెరుగుపెట్టిన అచ్చులతో ముచ్చటపడి కొట్టిన నాణెం. దాని కోసం ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్ దాకా అతను తిరగని కాయిన్ షో లేదు. కాలం పట్టించిన ఆ ముదురు రంగే దాని ప్రాణం. తోమిన నాణేన్ని ఏ కలెక్టరూ కన్నెత్తి చూడడు.

అరుద్దామని నోరు తెరిచాడు. పెళ్లిరోజున మొగుణ్ణి మురిపించానన్న వెలుగు ఆవిడ ముఖంలో కనపడింది. అరుపు మింగేశాడు.

"బ్రహ్మాండంగా ఉంది వసూ!" అన్నాడు.

బేస్‌మెంట్‌లోకి దిగి జగదీష్‌కి ఫోన్ చేశాడు. న్యూజెర్సీలో ఈ రాగి పిచ్చి ఉన్న రెండో తెలుగువాడు అతనే. ఫోనెత్తిన అతని భార్య రాధారాణి "ఉండండి అన్నయ్యగారూ" అని మొగుడికిచ్చింది.

సంగతంతా విని జగదీష్ గట్టిగా చెప్పాడు. "నిజం చెప్పెయ్ దామూ. ఇవాళే చెప్పు."

"చెప్పను. నాణెం ఎలాగూ పోయింది. తన సంతోషం కూడా పోగొట్టాలా? డిసైడైపోయాను. మిగతావి లాక్ చేసి కీ నా దగ్గరే పెట్టుకుంటా."

"మొండివాడివి. నువ్వే అనుభవిస్తావ్."

మర్నాడు ఆఫీస్ నుంచి వచ్చి తలుపు తీసేసరికి వంటింట్లోంచి చింతపండు వాసన. దామోదర్ బూట్లు విప్పకుండానే అటు పరుగెత్తాడు.

"వసూ, ఏం తోమావ్?"

"పప్పుచారుకి నానబెట్టానండీ. మీరంత మురిసిపోయారని మిగతావీ తోమేద్దామనుకున్నా. తీరా చూస్తే పెట్టెకి లాక్!"

దామోదర్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. తన పట్టుదలని తనే మెచ్చుకున్నాడు. అటు నాణేలు దక్కాయి, ఇటు పెళ్లాం మనసు దక్కింది.

"పోనీలే. నీకెందుకంత శ్రమ?" అన్నాడు ప్రేమగా.

"నాకేం శ్రమ? మీ ముచ్చటంతా రాధారాణికి ఫోన్‌లో చెబితే, ఆవిడే పొద్దుట్నుంచీ కూర్చుని జగదీష్ అన్నయ్యగారివన్నీ తోమేసింది!"